దగ్గినా తుమ్మినా: ఒక వ్యాయామం వెనక కథ

1930లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో మర్దన, వైద్య వ్యాయామాల పరీక్ష ప్యాసైనవాళ్లలో ముప్పై తొమ్మిదేళ్ల నర్తకి ఒకామె ఉంది. పేరు మార్గరెట్ మోరిస్. అప్పటికే ఆమెకు సొంత నాట్యబడి ఉంది. ఇసడోరా డంకన్ అన్న రేమండ్ దగ్గర నేర్చుకున్న గ్రీకు భంగిమలతో మొదలుపెట్టి తనదైన నాట్యపద్ధతి ఒకటి తయారుచేసుకుంది. రంగస్థలం మీద అంత పేరున్న మనిషి ఆసుపత్రి పరీక్షకు కూర్చోవడం వింతే. కానీ నాట్యంలో పనికొచ్చిన కదలిక రోగికీ పనికొస్తుందని డాక్టర్లను ఒప్పించాలంటే వాళ్ల చదువు చదవక తప్పదు కదా.

ఆరేళ్లకు, 1936లో, అదే ఆసుపత్రిలో పనిచేసే మిన్నీ రాండెల్‌తో కలిసి ఆమె ఒక పుస్తకం తెచ్చింది. గర్భిణులు, బాలింతలు, ఆపరేషన్ అయినవాళ్లు చేయాల్సిన వ్యాయామాలను బొమ్మలతో, మాటలతో వివరించిన పుస్తకం. కటి అడుగున ఉన్న కండరాలను లోపలికి బిగించడం, మళ్లీ వదలడం గురించి మోరిస్ రాసింది అప్పుడే. మూత్రమో మలమో ఆపుకోలేని అవస్థ రాకుండా అది కాపాడుతుందనీ, వచ్చినవాళ్లకు మందులా పనిచేస్తుందనీ చెప్పింది.

ఇవాళ హైదరాబాదులోనో విజయవాడలోనో ఒకావిడ గైనకాలజిస్టు దగ్గర గొంతు తగ్గించి, "దగ్గితే చాలు డాక్టరమ్మా, చీర తడిసిపోతోంది" అంటే వచ్చే మొదటి సలహా "కెగెల్ ఎక్సర్‌సైజులు చెయ్యండి" అని. ఆ కెగెల్ అనే అమెరికన్ డాక్టరు తన వ్యాసం అచ్చు వేసింది 1948లో. అంటే నర్తకి పుస్తకానికి పన్నెండేళ్ల తర్వాత.

కథలోకి వెళ్లేముందు ఆ కండరాల సంగతి కాస్త చూడాలి. ముందు జఘనాస్థి నుంచి వెనక తోక ఎముక దాకా, అటూ ఇటూ కటి ఎముకలకు అంటుకుని, ఊయల గుడ్డలా ఒక కండరాల పొర ఉంటుంది. మూత్రాశయం, గర్భసంచి, మలాశయం మూడూ దాని మీదే నిలబడతాయి. మూత్రనాళం, యోని, మలద్వారం దాని గుండానే బయటికి వస్తాయి. దగ్గినా, తుమ్మినా, పగలబడి నవ్వినా, నీళ్ల బిందె ఎత్తినా కడుపులో ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి మూత్రాశయాన్ని నొక్కుతుంది. ఆ క్షణంలో ఈ పొర బిగుసుకుని మూత్రనాళాన్ని మూసి ఉంచాలి. కాన్పుల్లో సాగిపోయినా, నెలసరి ఆగిపోయాక పలచబడినా, ఏళ్ల తరబడి దగ్గు, మలబద్ధకం, అధిక బరువు దాన్ని కిందికి నెట్టినా ఆ మూత గట్టిగా పడదు. పాయఖానా తలుపు దాకా చేరేలోపే ఆగకుండా వచ్చేసే రకం ఇంకొకటి ఉంది. అది ఎక్కువగా మూత్రాశయమే అదుపు తప్పి ముడుచుకోవడం వల్ల వచ్చేది. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి.

మోరిస్ కంటే ముందు కూడా ఈ కండరాల జోలికి వెళ్లినవాళ్లున్నారు. వాళ్లలో అందరికంటే విచిత్రమైన మనిషి స్వీడన్ సైన్యంలో అధికారిగా ఉన్న టూరే బ్రాంట్. డాక్టరు కాడు. స్వీడన్‌లో అప్పటికి లింగ్ అనే ఆయన రూపొందించిన కసరత్తు పద్ధతికి మంచి పేరుంది. అది నేర్చుకున్న బ్రాంట్ 1861 నుంచి గర్భసంచి జారిన ఆడవాళ్లకు లోపలి మర్దన, నడుము పైకెత్తే కసరత్తులు కలిపి చికిత్స చేయడం మొదలుపెట్టాడు. యూరప్ డాక్టర్లలో కొందరు మెచ్చుకున్నారు, కొందరు ముఖం తిప్పుకున్నారు. ఒక సైనికాధికారి ఆడవాళ్లకు అలాంటి చోట చికిత్స చేస్తానంటే 19వ శతాబ్దంలో ముక్కున వేలేసుకోనివాళ్లు ఉంటారా? మర్దన తర్వాతి కాలంలో వెనక్కిపోయింది. జారిన అవయవాన్ని కసరత్తుతోనూ నిలబెట్టవచ్చన్న ఊహ మాత్రం మిగిలింది.

మన దగ్గర ఈ మాట ఎత్తితే వెంటనే యోగంలోని మూలబంధం, అశ్వినీ ముద్ర గుర్తుచేసేవాళ్లు ఉంటారు. నిజమే, 15వ శతాబ్దపు హఠయోగ ప్రదీపికలో మూలబంధం ఉంది. మడమతో గుదానికీ జననాంగానికీ మధ్య చోటును అదిమి, గుదాన్ని కుంచించి, కిందికి పోయే అపానాన్ని పైకి లాగమంటుంది ఆ గ్రంథం. అలా చేస్తే మలమూత్రాలు తగ్గుతాయనీ ముసలివాడు కూడా పడుచువాడవుతాడనీ ఫలితం చెబుతుంది. బిగించే కండరాలు అవే. కానీ గ్రంథం మాట్లాడేది ప్రాణాపానాలను కలపాలనుకునే సాధకుడితో. నాలుగు కాన్పులై తుమ్మితే తడిసిపోతున్న ఇల్లాలు దాని లెక్కలో లేదు. కెగెల్ దీన్ని యోగం నుంచి ఎత్తుకుపోయాడనేది సభల్లో చప్పట్లు తెచ్చే మాటే తప్ప దానికి రుజువు లేదు.

అసలు పని జరిగింది ఆసుపత్రి వార్డుల్లో. 1912లో సెయింట్ థామస్ ప్రసూతి వైద్యుడు జె.ఎస్. ఫెయిర్‌బైర్న్ మిన్నీ రాండెల్‌ను పిలిచి, బాలింతలు మంచం మీదే చేసుకోగల వ్యాయామాలు తయారుచేయమన్నాడు. రాండెల్ నర్సు, మంత్రసాని పని నేర్చినామె, మర్దన పాఠశాలకు ప్రిన్సిపాలు. ఆ రోజుల్లో కాన్పైన ఇంగ్లీషు స్త్రీని రోజుల తరబడి మంచం దిగనిచ్చేవారు కాదు. పడుకుని పడుకుని ఒంట్లో బిగువు పోయేది. మన ఇళ్లలో మాత్రం ఏం తక్కువ? నలుగు, వేడినీళ్ల స్నానం, పథ్యం, పాత చీర చించి పొట్ట చుట్టూ బిగించి కట్టడం. అంతా పొట్ట తగ్గాలనే తాపత్రయం. కాన్పులో అన్నిటికంటే ఎక్కువ నలిగింది ఏ భాగమో దాని ఊసు లండన్‌లోనూ లేదు, తెనాలిలోనూ లేదు. ఆ ఊసెత్తింది రాండెల్.

ఈ కథకు భారతదేశంతో ఒక సూటి లంకె కూడా ఉంది. శ్రీనగర్‌లో పనిచేసిన బ్రిటిష్ వైద్యురాలు కేథ్లీన్ వాన్ ఒక తేడా గమనించింది. పరదా వెనక, ఎండ పొడ తగలకుండా, కూర్చున్న చోటి నుంచి కదలకుండా బతికే సంపన్న స్త్రీలకు ఎముకలు మెత్తబడి, కటి వంకరపోయి, కాన్పు ప్రాణాల మీదికి వచ్చేది. పడవల మీద బతుకుతూ ఎండలో రోజంతా ఒళ్లు వంచి పనిచేసే స్త్రీలకు కాన్పు తేలిగ్గా అయ్యేది. పరదాకూ మాతృత్వానికీ ఉన్న సంబంధం మీద ఆమె 1928లో పుస్తకం వేసింది. ప్రసవం అయ్యాక కాదు, ప్రసవానికి ముందే ఒంటిని సిద్ధం చేయాలన్న ఆమె వాదన రాండెల్ దాకా చేరింది, రాండెల్ పనిని మలుపు తిప్పింది. అంటే 1936 పుస్తకం వెనక ఒక నర్తకి, ఒక నర్సు మాత్రమే కాదు, పేర్లు ఎక్కడా నమోదుకాని కశ్మీరీ పడవ ఆడవాళ్లు కూడా ఉన్నారు.

ఇక అట్లాంటిక్ అవతలికి.

అమెరికాలో ఈ జబ్బు అప్పటికి పూర్తిగా సర్జన్ల చేతిలో ఉంది. జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హోవర్డ్ కెల్లీ మూత్రాశయం మెడ కింది కణజాలాన్ని మడిచి కుట్టే ఆపరేషన్‌ను 1914లో ప్రచురించాడు. దాని వెనక ఇంకా ఎన్నో వచ్చాయి. చాలామందికి కొన్నాళ్లు బాగుండేది, మళ్లీ మొదటికొచ్చేది. లాస్ ఏంజెలెస్‌లో, సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో గైనకాలజీ బోధించే ఆర్నల్డ్ కెగెల్ ఇక్కడే ఆగి ఆలోచించాడు. నీరసించిపోయిన కండరాన్ని కుట్టినంత మాత్రాన దానికి సత్తువ వస్తుందా అన్నది అతని ప్రశ్న.

జవాబుకు దారి యుద్ధం చూపించి ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో మోకాళ్లు దెబ్బతిన్న సైనికుల చేత అమెరికా సైనిక వైద్యుడు థామస్ డెలోర్మ్ బరువులు ఎత్తించాడు. బరువు కొంచెం కొంచెంగా పెంచుతూ పోతే కండ త్వరగా కోలుకుంటుందని 1945లో చూపించాడు. 1948లో అచ్చయిన కెగెల్ వ్యాసం శీర్షికలోనూ అదే సూత్రం ఉంది: క్రమంగా పెరిగే నిరోధానికి ఎదురుగా వ్యాయామం. తొడకైతే ఇనుప గుండు కట్టవచ్చు. కంటికి కనబడని ఈ కండరానికి ఏం కట్టాలి? అందుకే కెగెల్ ఒక పరికరం తయారుచేశాడు. దాని పేరు పెరినియోమీటర్. యోనిలో పెట్టుకునే రబ్బరు గొట్టం, దానికి తగిలించిన ఒత్తిడి గడియారం. స్త్రీ లోపల బిగిస్తే బయట ముల్లు కదులుతుంది. సున్నా నుంచి వంద దాకా అంకెలు.

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ కావాలని కదిలించని కండరం అది. కళ్ల ముందు ముల్లు కదిలితేనే "ఆహా, ఇదా" అని తెలుస్తుంది. వారం వారం అంకె పెరుగుతుంటే మానకుండా చేయాలనిపిస్తుంది. రోజుకు మూడుసార్లు, ఒక్కోసారి ఇరవై నిమిషాలు, ఆ పరికరం పెట్టుకుని చేయమన్నాడు కెగెల్. మొత్తం మూడు వందల బిగింపుల దాకా చేయించేవాడు. నయమైనవాళ్లు 84 శాతం అని అతను రాసిన లెక్క. పోల్చి చూడటానికి చికిత్స లేని మరో బృందం లేని రోజుల లెక్క అది, కాబట్టి కొంచెం తగ్గించి చదవడం మంచిది. కానీ ఒక సంగతిలో అతను చాలా పట్టుదలగా ఉన్నాడు. ముందు పరీక్ష చేసి, వేలితో తాకి, ఏ కండరం బిగించాలో స్త్రీకి తెలియజెప్పాలి. ఆ తర్వాతే వ్యాయామం.

తరువాత జరిగింది చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. పేరు నిలిచింది, పరికరం పోయింది, పట్టుదల కూడా పోయింది. 1952లో కెగెల్ ఈ కండరానికీ దాంపత్య సుఖానికీ సంబంధం ఉందని మరో వ్యాసం రాశాడు. పత్రికలవాళ్లకు అంతకంటే ఏం కావాలి? వ్యాయామం పడకగది చిట్కాగా మారింది. ఆసుపత్రుల్లో చేతికిచ్చే ఒక కాగితంగా మిగిలింది. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపి చూడండి, అదే కెగెల్ అన్న అరకొర సలహా దేశదేశాలకూ పాకింది. కండరం ఎక్కడుందో ఒకసారి తెలుసుకోవడానికి అది పనికొస్తే పనికిరావచ్చు. రోజూ అలా ఆపడం అలవాటైతే మూత్రాశయం పూర్తిగా ఖాళీ అవకపోవచ్చు, కొత్త తంటా మొదలుకావచ్చు.

కాగితం వైద్యం ఎంత పనిచేస్తుందో 1991లో రిచర్డ్ బంప్ అనే అమెరికన్ వైద్యుడి బృందం కొలిచింది. 47 మంది స్త్రీలకు నోటిమాటగా క్లుప్తంగా వ్యాయామం చెప్పి, వెంటనే పరికరాలతో పరీక్షించారు. సరిగ్గా బిగించినవాళ్లు సగం మంది. నలుగురిలో ఒకరైతే బిగించడానికి బదులు ముక్కుతున్నారు. అంటే విరేచనానికి కూర్చున్నట్టు కిందికి నెడుతున్నారు. లీకును ఆపాల్సిన పని చేస్తూ లీకును పెంచుకుంటున్నారన్నమాట. "చేశాను, ఏం లాభం లేదు" అని చెప్పే ఆడవాళ్లలో ఎందరు ఈ నాలుగో వంతులో ఉంటారో!

ఈలోగా సర్జన్లు మళ్లీ ముందుకొచ్చారు. 1996లో స్వీడన్‌లోని ఉప్సాలాలో ఉల్ఫ్ ఉల్మ్‌స్టెన్ ప్లాస్టిక్ దారాలతో అల్లిన సన్నటి వల పట్టీని మూత్రనాళం కింద దూర్చే పద్ధతి ప్రచురించాడు. మత్తు తక్కువ, కోత చిన్నది, అదే రోజు ఇంటికి. ఎంతోమందికి మేలు చేసింది, అది దాచనక్కర్లేదు. కానీ కొందరిలో ఆ వల యోనిని కోసుకుని బయటికి వచ్చింది, కొందరికి తీరని నొప్పి మిగిల్చింది. తీసేయాలన్నా తేలిగ్గా రాదు. స్కాట్లండ్ 2014లో ఆపమంది. ఇంగ్లండ్ 2018 జులైలో నిలిపివేసింది. గర్భసంచి జారినవాళ్లకు యోని గుండా వేసే వలల అమ్మకాన్ని అమెరికా 2019 ఏప్రిల్‌లో ఆపేసింది. ఆడవాళ్లు ఏళ్ల తరబడి మొత్తుకున్నా ఎవరూ వినలేదని 2020లో బ్రిటన్‌లో బారనెస్ కంబర్లెజ్ సమీక్ష తేల్చింది.

వ్యాయామానికి పోయిన గౌరవం తిరిగి తెచ్చినవాళ్లలో ముందు చెప్పాల్సిన పేరు నార్వే ఫిజియోథెరపిస్టు కారి బో. కెగెల్ దగ్గర లేని పోలిక ఆమె తెచ్చింది. 1990లో వచ్చిన ఆమె అధ్యయనంలో 52 మంది స్త్రీలను రెండు బృందాలుగా చేశారు. కండరం ఏదో అందరికీ పరీక్ష చేసి చూపించారు. ఒక బృందం ఇంట్లోనే చేసుకుంది. రెండో బృందం ఇంట్లో చేయడంతో పాటు వారం వారం శిక్షకురాలి ముందు కలిసి చేసింది. ఆరు నెలలకు లీకు పోయిందనో దాదాపు పోయిందనో చెప్పినవాళ్లు ఇంటి బృందంలో 17 శాతం, శిక్షకురాలు ఉన్న బృందంలో 60 శాతం. అదే కండరం, అదే వ్యాయామం! 1999లో 107 మందితో చేసిన మరో పరీక్షలో కరెంటు ప్రేరణ కంటే, యోనిలో పెట్టుకుని జారకుండా ఆపే చిన్న బరువుల కంటే మామూలు వ్యాయామమే మెరుగని ఆమె చూపించింది. ఆ బరువుల పద్ధతి స్లొవేనియాకు చెందిన స్టానిస్లావ్ ప్లెవ్నిక్ 1985లో ప్రవేశపెట్టాడు. కొన్నాళ్లు బాగానే అమ్ముడుపోయాయి.

అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయ బృందం 1998లో ఇంకో కిటుకు బయటపెట్టింది. బలం పెరిగేదాకా ఆగనక్కర్లేదు. దగ్గు వస్తోందని తెలిసిన క్షణంలో ముందుగా బిగించి, ఆ తర్వాత దగ్గాలి. అంతే. వారం రోజుల సాధనకే లీకు బాగా తగ్గింది. వారంలో కండ పెరగదు కాబట్టి ఇందులో సగం సంగతి సమయానికి బిగించే నేర్పుదని తేలింది. వరి నాట్లు వేసే ఆడవాళ్లకైనా, జిమ్‌లో బరువులెత్తే ఆడవాళ్లకైనా ఇది వెంటనే పనికొచ్చే మాట.

2018 నాటికి 14 దేశాల 31 పరీక్షలను కలిపి కొక్రేన్ సంస్థ చేసిన సమీక్ష వచ్చింది. దగ్గు, తుమ్ముతో లీకయ్యేవాళ్లలో ఈ వ్యాయామం చేసినవాళ్లకు నయం 56 శాతం, చేయనివాళ్లకు 6 శాతం. బ్రిటన్ మార్గదర్శకాలు ఆపరేషన్ కంటే ముందు కనీసం మూడు నెలలు, ఒకరి పర్యవేక్షణలో, రోజుకు మూడుసార్లు, ప్రతిసారీ కనీసం ఎనిమిది బిగింపులు చేయించాలంటాయి. కెగెల్ మూడు వందలతో పోలిస్తే ఇరవై నాలుగు ఎంత? ఫ్రాన్స్ ఇంకో అడుగు వేసింది. కాన్పైన స్త్రీకి మంత్రసాని దగ్గరో ఫిజియోథెరపిస్టు దగ్గరో సాధారణంగా పది తరగతులకు ప్రభుత్వ బీమాయే డబ్బు కడుతుంది. అక్కడ ఇది టీకా వేయించుకున్నంత మామూలు వ్యవహారం.

మన రెండు రాష్ట్రాల్లో కథ వేరే దారిలో నడిచింది. ఇక్కడ ఆడవాళ్ల కింది భాగపు బాధలకు, తెల్లబట్ట అయినా నడుంనొప్పి అయినా, చాలా ఊళ్లలో తెలిసిన వైద్యం గర్భసంచి తీసేయడం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం అయితే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దీనికీ లీకుకూ సంబంధం లేకపోలేదు. గర్భసంచి తీయించుకున్న లక్షా అరవై ఐదు వేల మంది స్వీడన్ స్త్రీల రికార్డులను తీయించుకోనివాళ్ల రికార్డులతో పోల్చిన అధ్యయనం 2007లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. గర్భసంచి తీయించుకున్నవాళ్లు తర్వాతి కాలంలో మూత్రం లీకుకు ఆపరేషన్ చేయించుకోవాల్సి రావడం మిగతావాళ్లకంటే రెండు రెట్లకు పైగా ఎక్కువ. ముప్పై అయిదేళ్లకే గర్భసంచి పోగొట్టుకున్న కూలి మనిషికి ఆ మాట ముందుగా చెప్పేవాళ్లు అరుదు. బిగించి వదిలే వ్యాయామం గురించి చెప్పేవాళ్లు ఇంకా అరుదు.

కెగెల్ ముల్లు మాత్రం కొత్త వేషంలో తిరిగొచ్చింది. ఇప్పుడు అది బ్లూటూత్‌తో ఫోనుకు కలుస్తుంది. బిగిస్తే తెర మీద ఒక చుక్క పైకి లేస్తుంది, మార్కులు పడతాయి. లండన్ కంపెనీ ఎల్వీ 2015లో ఇలాంటి పరికరం అమ్మడం మొదలుపెట్టింది. మరి ముల్లు చూస్తూ చేస్తే ఫలితం ఎక్కువా? బ్రిటన్‌లో 600 మంది స్త్రీలతో ఓపల్ అనే పరీక్ష పెట్టారు. సగం మందికి వ్యాయామంతో పాటు తెర మీద తమ బిగింపును చూపించే యంత్రం ఇచ్చారు, మిగతా సగానికి ఇవ్వలేదు. పదహారు వారాల్లో ఆరుసార్లు చికిత్సకురాలిని కలిసే ఏర్పాటు అందరికీ ఉంది. రెండేళ్ల తర్వాత చూస్తే రెండు బృందాల మధ్యా తేడా లేదు. ఫలితాలు 2020లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయ్యాయి. ఎదురుగా కూర్చుని నేర్పే మనిషి ఉన్నప్పుడు యంత్రం వల్ల అదనంగా ఒరిగేదేమీ కనబడలేదు. మిన్నీ రాండెల్ 1912లో వార్డులో బాలింతల కోసం తలపెట్టింది ఆ పనే. సెయింట్ థామస్ ఆమెకు జీతమిచ్చి మరీ చేయించింది.